మధ్యధరా తీరపు భోజనం – హృదయారోగ్యం

ఉపోద్ఘాతం

వ్యాధిగ్రస్తునికి మందు ఎంత అవసరమో పథ్యం కూడా అంత అవసరమని మన పెద్దలు భావించినారు. తెలుగువారు పథ్యమన్న దానినే ఉర్దూ మాట్లాడేవారు పర్హేజ్ అంటారు. ఈ రెండు మాటల అర్థాన్ని కొంచెం పరిశీలించవలసి ఉన్నది. పర్హేజ్ అనగా దూరంగా ఉండడం, మానుకోవడం. పథ్యమనే సంస్కృత శబ్దానికి అసలు అర్థం హితమైనది, శరీరానికి తగినది అని. అయితే వాడుకలో పథ్యం కూడా మానుకోవడంగానే మారిపోయినది. గుండెపోటు వచ్చి ఆసుపత్రి నుండి ఇంటికి చేరిన వ్యక్తిని చూడవచ్చిన బంధువులలో ఏమి తినకూడదో చెప్పేవారే అధికం. ఏమి తినవలెనో చెప్పేవారు అరుదు. నెయ్యి వద్దు, మాంసం వద్దు, గుడ్డు వద్దు, కొబ్బరి వద్దు అన్న పట్టిక పెరిగి పెరిగి, చివరకు రోగి కంచంలో చప్పిడి అన్నమూ పలుచని చారూ మాత్రమే మిగులుతాయి. కొన్ని వారాలు గడిచిన తరువాత విసుగు చెందిన రోగి పాత భోజనానికే తిరిగి వస్తాడు. ఇది మనం అనేక కుటుంబాలలో చూస్తున్న విషయమే.

మధ్యధరా సముద్ర తీరంలోని దేశాలలో గత ఏడు దశాబ్దాలుగా జరిగిన పరిశోధనలు పథ్యమనే మాటకు దాని పాత అర్థాన్ని తిరిగి ఇచ్చినాయని చెప్పవచ్చును. గుండె జబ్బు వచ్చినవాడు ఏమి మానవలెనన్న ప్రశ్నతో పాటు, మానిన దాని స్థానంలో ఏమి తినవలెనన్న ప్రశ్నను కూడా అవి వేసినాయి. ఈ పరిశోధనల సారాన్ని, వాటి పరిమితులను, మన వంటయింటికి వాటితో గల సంబంధాన్ని ఈ వ్యాసంలో వివరింప ప్రయత్నిస్తాము.

విద్యార్థులకు ఈ విషయం ఎందుకని కొందరు అడుగవచ్చును. మన ఇండ్లలో చాలామంది పెద్దలు ఉర్దూ గాని తెలుగు గాని మాత్రమే చదువగలరు. ఆసుపత్రివారు ఇచ్చే ఆహార సూచనల కాగితం సాధారణంగా ఇంగ్లీషులో ఉంటుంది. దానిని చదివి తల్లికి, తండ్రికి, పెద్దమ్మకు, నానాకు అర్థం చెప్పేది కళాశాలలో చదువుతున్న కుమారుడో కుమార్తెయో కదా! ఆ బాధ్యత గలవారు విషయాన్ని సరిగా తెలుసుకొని ఉండడం మంచిది.

వ్యాధి స్వరూపం

గుండె తన నాలుగు గదులలో నిరంతరం రక్తాన్ని నింపుకొని పంపుతూ ఉన్నప్పటికీ, తన కండరానికి కావలసిన ప్రాణవాయువును ఆ రక్తం నుండి నేరుగా గ్రహింపజాలదు. అందుకు దాని ఉపరితలంపై కిరీటం వలె చుట్టుకొని ఉన్న హృదయ ధమనులు కలవు. ఈ ధమనుల లోపలి గోడలో కొలెస్టరాలు, వాపును కలిగించే కణాలు, తంతువులు, సున్నపు పదార్థం చేరి సంవత్సరాల తరబడి ఒక పూడికగా పెరుగుతాయి. ఆ పూడిక ఒకనాడు చిట్లినప్పుడు దానిపై రక్తం గడ్డకట్టి దారి మూసుకొనిపోతుంది. రక్తం అందని కండరం నశిస్తుంది. దీనినే గుండెపోటు అంటారు.

వైద్యులు మూసుకొనిన ధమనిని బెలూనుతో తెరచి స్టెంటు అమర్చవచ్చును. శస్త్రచికిత్సతో వేరొక దారి కల్పించవచ్చును. అయినప్పటికీ పూడికను కలిగించిన స్వభావం ఒక్క చోటికి పరిమితం కాదు. మిగిలిన ధమనులలో కూడా అది పని చేస్తూనే ఉంటుంది. అందుచేత ఒకసారి గుండెపోటు వచ్చినవారికి రెండవసారి వచ్చే ప్రమాదం ఇతరుల కన్న ఎక్కువ. రక్తం గడ్డకట్టకుండా చూచే మందులు, కొలెస్టరాలును తగ్గించే స్టాటిన్లు, పొగాకు విసర్జన, నడక, తగిన భోజనం – ఇవన్నీ ఆ రెండవ దెబ్బను నివారించుటకు ఉద్దేశింపబడినవే.

ఈ వ్యాధి మన ప్రాంతానికి దూరమైనది కాదు. 52 దేశాలలో జరిగి 2004లో ప్రకటింపబడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో ఇతర దేశాలవారి కన్న దక్షిణాసియావారికి మొదటి గుండెపోటు సుమారు 5, 6 సంవత్సరాలు ముందుగా వస్తున్నట్లు తేలినది. కుటుంబం ఇంకా సంపాదనపై ఆధారపడి ఉన్న వయస్సులోనే, పిల్లల చదువులు పూర్తికాకముందే, ఇంటి పెద్దదిక్కును ఈ వ్యాధి తాకుతున్నదన్నమాట.

జైతూన్ చెట్టు – దాని నూనె

ఉర్దూ, అరబ్బీ భాషలలో జైతూన్ అనబడే వృక్షాన్నే ఇంగ్లీషువారు ఆలివ్ అంటారు. తెలుగు బైబిలు చదివేవారికి ఇది ఒలీవ చెట్టుగా పరిచయం. దివ్య ఖురానులోని తీన్ సూరాలో అంజూరంతో పాటు జైతూన్ ప్రస్తావన కలదు. నూర్ సూరాలో దీపానికి సంబంధించిన ఉపమానంలో కూడా ఈ చెట్టు కనిపిస్తుంది. యునానీ వైద్యులు దీని నూనెను రోగన్-ఎ-జైతూన్ పేరుతో ఎరుగుదురు. స్పెయిన్ దేశీయులు నూనెను అసేతే అనీ, జైతూన్ కాయను అసేతూన అనీ అంటారు. ఈ రెండూ అరబ్బీ మాటల నుండి వచ్చినవే. అండలూసియాలో శతాబ్దాల పాటు సాగిన అరబ్బు పాలన, వ్యవసాయం ఆ దేశపు వంటయింటి భాషలో ఈ విధంగా నిలిచిపోయినవి.

మనం వాడే వేరుశనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు నూనెలు గింజల నుండి వచ్చేవి. జైతూన్ నూనె కాయ గుజ్జు నుండి వస్తుంది. కాయలను నలుగగొట్టి, ముద్దగా కలిపి, నీటిని వేరు చేసి నూనె తీస్తారు. రసాయనాలు వాడకుండా, వేడి చేయకుండా, యంత్రబలంతో మాత్రమే తీయగా వచ్చి, ఆమ్లత 0.8 శాతానికి మించకుండా, రుచిలో దోషం లేకుండా ఉన్న నూనెకు ఎక్స్‌ట్రా వర్జిన్ అని పేరు. దోషాలున్న నూనెను శుద్ధి చేసి అమ్మేది రిఫైన్డ్ రకం. నూనె తీసిన తరువాత మిగిలిన పిప్పి నుండి ద్రావకాలతో తీసేది పోమేస్ రకం. మూడింటి సీసాల మీద జైతూన్ కాయల బొమ్మే ఉంటుంది గనుక కొనేవారు అక్షరాలు చదివి కొనవలెను.

ఈ నూనెలోని కొవ్వు ఆమ్లాలలో 55 నుండి 83 శాతం వరకు ఓలియిక్ ఆమ్లమే. ఇది ఏక అసంతృప్త కొవ్వు. నెయ్యి, వనస్పతి, పామాయిలు వంటి వాటిలోని సంతృప్త కొవ్వు స్థానంలో దీనిని వాడినప్పుడు రక్తంలోని చెడ్డ కొలెస్టరాలు తగ్గుతుంది. ఎక్స్‌ట్రా వర్జిన్ రకంలో దీనికి తోడు పాలీఫినాల్స్ అనే పదార్థాలు స్వల్ప పరిమాణంలో ఉంటాయి. మంచి నూనె నాలుకకు కొంచెం చేదుగా, గొంతులో చురుక్కుమన్నట్లుగా ఉండుటకు ఇవే కారణం. రక్తంలోని కొవ్వు ఆక్సీకరణం చెందకుండా ఇవి కాపాడుతాయన్న విషయాన్ని ఐరోపా సమాజం 2012లో అంగీకరించి, 20 గ్రాముల నూనెలో ఈ జాతి పదార్థాలు కనీసం 5 మిల్లీగ్రాములు ఉన్నప్పుడే సీసాపై ఆ మాట వ్రాయవచ్చునని నియమం పెట్టినది. శుద్ధి చేయడంలో ఈ పదార్థాలు చాలావరకు పోతాయి. ఎండ, వేడి, కాలం కూడా వీటిని హరిస్తాయి.

క్రీటు ద్వీపం చెప్పిన విషయం

అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ 1958లో ఏడు దేశాల అధ్యయనాన్ని ఆరంభించినాడు. అమెరికా, ఫిన్లండు, నెదర్లండ్స్, ఇటలీ, యుగోస్లావియా, గ్రీసు, జపాన్ దేశాలలో 40 నుండి 59 ఏండ్ల మధ్య వయస్సు గల సుమారు 12,700 మంది పురుషులను ఎన్నుకొని, వారి భోజనాన్ని, రక్తపు పోటును, కొలెస్టరాలును కొలిచి, తరువాత దశాబ్దాల పాటు వారి ఆరోగ్యాన్ని గమనించినారు. తూర్పు ఫిన్లండులో గుండె జబ్బు మరణాలు మిక్కిలి అధికంగాను, గ్రీసుకు చెందిన క్రీటు ద్వీపంలో మిక్కిలి స్వల్పంగాను కనిపించినాయి.

ఆశ్చర్యకరమైన విషయం ఏమనగా, క్రీటు రైతులు కొవ్వు తక్కువగా తినేవారు కారు. వారి భోజనంలో నూనె ధారాళంగా ఉండేది. అది దాదాపు అంతా జైతూన్ నూనె. ముతక రొట్టె, పప్పుధాన్యాలు, కొండలపై ఏరి తెచ్చిన ఆకుకూరలు, ఉల్లి, టమాటా, పండ్లు, కొంచెం మేక పాల జున్ను, అప్పుడప్పుడు చేప, అరుదుగా మాంసం – ఇది వారి ఆహారం. వారు ఆరోగ్య సూత్రాలు చదివి ఈ భోజనాన్ని ఎన్నుకొనలేదు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత 1948లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ పక్షాన ఆ ద్వీపంలో సర్వే జరిగినప్పుడు ఎందరో తమకు మాంసం ఎక్కువగా దొరికితే బాగుండునని చెప్పినారు. పేదరికం, కొండదారుల్లో రోజంతా నడక, మతసంబంధమైన ఉపవాస దినాలు – ఇవన్నీ కలిసి ఆ జీవితాన్ని రూపొందించినవి. అందుచేత క్రీటువారి ఆరోగ్యానికి ఒక్క నూనెను మాత్రమే కారణంగా చెప్పడం సరి కాదు.

ఈ భోజన సంప్రదాయాన్ని యునెస్కో 2010లో మానవాళి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించినది. అప్పుడు స్పెయిన్, గ్రీసు, ఇటలీలతో పాటు ముస్లిం దేశమైన మొరాకో కూడా అందులో భాగస్వామిగా ఉన్నది. కలిసి వండుకోవడం, కలిసి కూర్చుని తినడం, పంట కాలాన్ని బట్టి తినడం కూడా ఆ వారసత్వంలో భాగాలే.

వ్యాధి వచ్చిన తరువాత: లియాన్, ఖుర్తుబా

ఆరోగ్యవంతులను గమనించడం ఒక ఎత్తు. వ్యాధి వచ్చినవారి భోజనం మార్చి ఫలితాన్ని చూడడం మరొక ఎత్తు. ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరంలో 1988లో ప్రారంభమైన పరిశోధన ఈ రెండవ రకానికి చెందినది. మొదటి గుండెపోటు నుండి బయటపడిన 605 మందిని రెండు వర్గాలు చేసినారు. ఒక వర్గంవారికి వారి వైద్యులు ఇచ్చే మామూలు సలహాయే కొనసాగింది. రెండవ వర్గంవారికి రొట్టె, కూరగాయలు, చేప ఎక్కువ చేయమని, గొడ్డుమాంసం వంటి ఎర్ర మాంసాన్ని తగ్గించి కోడిమాంసం తినమని, పండు లేని రోజు ఉండరాదని, వెన్న, మీగడ మానమని చెప్పినారు. వెన్నకు బదులుగా ఆవాల కుటుంబానికి చెందిన కనోలా రకపు గింజల నూనెతో చేసిన మార్గరిన్ సరఫరా చేసినారు. వంటకు ఆ గింజల నూనె, జైతూన్ నూనె వాడమన్నారు.

సుమారు నాలుగు సంవత్సరాల ఫలితాలు 1999లో ప్రకటింపబడినవి. గుండె జబ్బుతో మరణం, మరల గుండెపోటు – ఈ రెండింటినీ కలిపి లెక్కించగా మామూలు సలహా పొందినవారిలో 44, భోజనం మార్చుకొన్నవారిలో 14 మాత్రమే సంభవించినాయి. రెండు వర్గాలలోను కొలెస్టరాలు దాదాపు సమానంగానే ఉండడం గమనింపదగినది. భోజనం చేసే మేలు అంతా కొలెస్టరాలు సంఖ్యలో కనబడదని దీని వలన తెలిసినది.

రెండవ పరిశోధన స్పెయిన్‌లోని కార్డోబా నగరంలో జరిగినది. ఇక్బాల్ కవిత ద్వారా మన ఉర్దూ విద్యార్థులకు పరిచితమైన ఖుర్తుబా నగరమే ఇది. అక్కడి రెయినా సోఫియా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో హృదయ ధమనుల వ్యాధి ఉన్న 1,002 మందిని ఏడు సంవత్సరాల పాటు గమనించినారు. 502 మందికి ఎక్స్‌ట్రా వర్జిన్ నూనెతో కూడిన మధ్యధరా భోజనం, 500 మందికి కొవ్వు తగ్గించిన భోజనం సూచించినారు. 2022లో లాన్సెట్ పత్రికలో వెలువడిన ఫలితాల ప్రకారం గుండెపోటు, పక్షవాతం మొదలైన ప్రధాన ఉపద్రవాలు మొదటి వర్గంలో 87 మందికి, రెండవ వర్గంలో 111 మందికి కలిగినాయి. రెండు వర్గాలవారూ తమ మందులు తాము తీసుకొంటూనే ఉన్నారు. అనగా మంచి మందులకు తోడుగా కూడా భోజనం మరికొంత రక్షణ ఇచ్చినదన్నమాట.

ఇందులో ఒక లోటు కలదు. పాల్గొన్నవారిలో స్త్రీలు 175 మంది మాత్రమే. పురుషులలో ప్రయోజనం స్పష్టంగా కనిపించినది. స్త్రీలలో రెండు భోజనాల మధ్య భేదం కనిపించలేదు. స్త్రీలకు ఇది పని చేయదని దీని అర్థం కాదు. నిర్ణయించుటకు ఆ సంఖ్య చాలదు. ఇంటిల్లిపాదికీ వండి పెట్టే స్త్రీ, తన గుండె విషయానికి వచ్చేసరికి పరిశోధనలో కూడా వెనుకనే ఉండిపోవడం ఆలోచింపదగిన విషయం.

పరిశోధనలను ఎట్లా చదువవలెను?

విజ్ఞాన శాస్త్రంలో ప్రతి ఫలితాన్నీ పరీక్షించి గ్రహించవలెను. లియాన్ పరిశోధన చిన్నది. మేలు కనిపించినదని దానిని ముందుగానే నిలిపివేసినారు. అటువంటప్పుడు ప్రయోజనం ఉన్నదాని కన్న పెద్దదిగా కనిపించే అవకాశం కలదు.

స్పెయిన్‌లో ఇంకా గుండె జబ్బు రాని, రాగల ప్రమాదం ఉన్న 7,447 మందితో ప్రెడిమెడ్ అనే పెద్ద పరిశోధన జరిగి 2013లో ప్రకటింపబడినది. కొందరిని ఒక వర్గంలోను మరికొందరిని మరొక వర్గంలోను చేర్చే చీట్ల పద్ధతి కొన్ని చోట్ల సరిగా పాటింపబడలేదని తరువాత బయటపడినది. ఒకే కుటుంబం వారిని ఒకే వర్గంలో చేర్చినారు. ఒక కేంద్రంలో చికిత్సాలయమంతటికీ ఒకే భోజనం కేటాయించినారు. 2018లో పరిశోధకులే ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకొని, లెక్కలు సవరించి మరల ప్రకటించినారు. ఉపద్రవాలు సుమారు 30 శాతం తగ్గినవన్న ఫలితం అప్పుడు కూడా నిలిచినది. అయితే ఆ తగ్గుదల ముఖ్యంగా పక్షవాతం విషయంలోనే స్పష్టంగా ఉన్నది.

మన దేశంలో మొరాదాబాదు నుండి వెలువడిన ఇట్టి అధ్యయనం ఒకటి 2002లో లాన్సెట్‌లో అచ్చయినది. ధాన్యాలు, పండ్లు, కూరలు, అక్రోటు, ఆవనూనెలతో కూడిన భోజనం గుండెకు ఎంతో మేలు చేసినదని అందులో చెప్పినారు. కాని 2005లో ఆ పత్రికయే దాని విశ్వసనీయత గురించి తన ఆందోళనను ప్రకటించినది. మన ప్రాంతానికి దగ్గరగా ఉన్నదన్న ప్రీతితో దానిని ప్రమాణంగా తీసుకొనరాదు. తనకు అనుకూలమైన సాక్ష్యాన్ని కూడా ప్రశ్నించగలిగినప్పుడే విద్యార్థి విద్యార్థి అనిపించుకొంటాడు.

ఇన్ని పరిమితుల తరువాత మిగిలేది ఏమి? కూరలు, పండ్లు, పప్పుధాన్యాలు, ముతక ధాన్యాలు, గింజలు, చేప అధికంగాను, సంతృప్త కొవ్వు, ఎర్ర మాంసం, తీపి పదార్థాలు స్వల్పంగాను ఉన్న భోజనం గుండెకు హితమన్న విషయం వేరువేరు దేశాలలో, వేరువేరు పద్ధతులలో ధ్రువపడినది. నూనె ఆ మొత్తంలో ఒక భాగం.

మన వంటయింటికి అన్వయం

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాము. గుండె జబ్బు వచ్చిన ఇంట జైతూన్ నూనె కొనవలెనా?

కొనగలిగినవారు కొనవచ్చును. ఎక్స్‌ట్రా వర్జిన్ రకాన్ని ముదురు రంగు సీసాలో, చిన్న పరిమాణంలో కొని, పొయ్యికి, ఎండకు దూరంగా ఉంచి, త్వరగా వాడుకొనవలెను. ఉడికిన కూరపైన, పప్పుపైన, పచ్చి కూరముక్కలపైన పోసుకొనవచ్చును; మామూలు కూరల వంటకు కూడా వాడవచ్చును. అయితే మన దేశానికి ఈ నూనె అధిక భాగం దిగుమతి కావలసినదే. వేరుశనగ నూనె కన్న దీని ధర అనేక రెట్లు. నెలకు రెండు సీసాల జైతూన్ నూనె కొనుటకు స్టాటిన్ మాత్రలు మానిన ఇల్లు లాభపడదు, నష్టపోతుంది. మందు తరువాతనే నూనె.

కొనలేనివారు నిరాశ చెందవలసిన పని లేదు. వేరుశనగ నూనెలో కూడా ఓలియిక్ ఆమ్లం దాదాపు సగం వరకు ఉంటుంది. నువ్వుల నూనెలో, తవుడు నూనెలో సుమారు 40 శాతం ఉంటుంది. లియాన్‌లో వాడిన నూనె ప్రత్యేకత ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. అది మన అవిసె గింజలలో పుష్కలంగాను, అక్రోటులోను, ఆవనూనెలోను కలదు. వేయించి దంచిన అవిసె గింజల కారం తెలుగువారికి క్రొత్త కాదు. దీనికి భిన్నంగా పామాయిలులో దాదాపు సగం, కొబ్బరి నూనెలో సుమారు 90 శాతం సంతృప్త కొవ్వు ఉంటుంది. వనస్పతిలోని ట్రాన్స్ కొవ్వు అన్నింటి కన్న హానికరం. నూనెలలో, కొవ్వులలో దానిని 2 శాతానికి మించనీయరాదని మన దేశంలో 2022 జనవరి 1 నుండి నియమం అమలులోనికి వచ్చినది. మిఠాయి దుకాణంలో, వీధి బండిపై పదేపదే కాగిన నూనె విషయంలో మాత్రం మన జాగ్రత్తయే మనకు రక్ష.

ఇక్కడ ఒక ముఖ్య సూత్రం కలదు. మంచి నూనెను పాత నూనెకు బదులుగా వాడవలెను గాని, దానికి అదనంగా వాడరాదు. ఏ నూనె అయినా ఒక గ్రాముకు 9 కేలరీలు ఇస్తుంది. నెయ్యి వేసిన బిర్యానీ తిని, పైన ఒక చెంచా జైతూన్ నూనె త్రాగినంత మాత్రాన గుండెకు మేలు కలుగదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శకాలు కూడా నూనెను మితంగా వాడమని, నూనెలను మార్చి మార్చి వాడమని, పప్పుధాన్యాలు, కూరలు పెంచమని చెప్పుచున్నవి.

క్రీటు రైతు కంచాన్ని మన కంచంతో పోల్చి చూచిన, రెండింటి మధ్య దూరం మనం అనుకొన్నంత లేదు. అతని ముతక రొట్టెకు మన జొన్నరొట్టె, అతని కొండ ఆకులకు మన గోంగూర, తోటకూర, పొన్నగంటి, అతని పెద్ద శనగలకు మన శనగలు, పెసలు, ఉలవలు, బొబ్బర్లు, అతని బాదం పప్పుకు మన గుప్పెడు వేరుశనగ గింజలు, అతని సముద్రపు చేపకు మన చెరువు చేప సాటి రాగలవు. హైదరాబాదీ ఇండ్లలోని ఖట్టీ దాల్, సొరకాయతో వండే దాల్చా, నువ్వులూ వేరుశనగలూ నూరి చేసే బగారా బైంగన్ – వీటిలో నూనె తగ్గించి, దాల్చాలో మాంసం తగ్గించి పప్పును, సొరకాయను పెంచిన పక్షంలో అవి ఏ పరదేశ వంటకానికీ తీసిపోవు. తెల్లని అన్నం కుప్పను తగ్గించి, కూరను పెంచడమే మనం ముందుగా చేయవలసిన మార్పు.

పండుగ, విందు, ఉపవాసం కూడా మన భోజనంలో భాగాలే. వలీమా విందులో గాని, పెండ్లి పంక్తిలో గాని గుండె రోగి కూర్చోరాదని చెప్పుట మా ఉద్దేశం కాదు. ఒకనాటి విందు కన్న మూడు వందల అరవై రోజుల భోజనం ముఖ్యం. రంజాన్ మాసంలో ఇఫ్తార్ సమయాన ఖర్జూరం, పండ్లు, ఉడికించిన శనగలు ముందుంచి, సమోసా, లుఖ్మీ, మిరపకాయ బజ్జీలను వెనుకకు నెట్టవచ్చును. గుండె జబ్బు వచ్చినవారు ఉపవాసం ఉండవచ్చునా, మందుల వేళలు ఎట్లా మార్చుకొనవలెను అన్న విషయాలు వైద్యుని అడిగిన తరువాతనే నిర్ణయించుకొనవలెను. రోగికి ధర్మమే మినహాయింపు ఇచ్చినదని గుర్తుంచుకొనవలెను.

మధ్యధరా భోజనమనగానే ద్రాక్షసారాయి ప్రస్తావన వస్తుంది. అది లేనిదే ఆ భోజనం పని చేయదన్న భావన సరి కాదు. ఆ సముద్రపు దక్షిణ, తూర్పు తీరాలలో కోట్లాది ముస్లింలు మద్యం లేకుండానే అదే కూరలు, అదే పప్పులు, అదే నూనె తింటున్నారు. మద్యానికి సురక్షితమైన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా ప్రకటించినది. గుండె కొరకు మద్యం మొదలు పెట్టవలసిన అవసరం ఎవరికీ లేదు.

కొన్ని జాగ్రత్తలు

1. ఉప్పు రోజుకు 5 గ్రాములకు మించరాదు. మన ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, వారి ఉప్పునీటి జైతూన్ కాయలు, జున్ను – ఈ విషయంలో అన్నీ ఒక్కటే. గుండె బలహీనపడి కాళ్ళవాపు ఉన్నవారికి ఉప్పు, నీరు ఎంత అన్నది వైద్యుడే చెప్పవలెను.

2. కవాటం మార్పిడి వంటి కారణాలతో వార్ఫరిన్ మాత్ర వాడేవారు ఆకుకూరలను ఒక్కసారిగా పెంచరాదు, ఒక్కసారిగా మానరాదు. వాటిలోని కె విటమిను ఆ మందు పనిని మార్చగలదు. ప్రతిదినం ఒకే రీతిగా తినుట మేలు.

3. మూత్రపిండాల వ్యాధి కూడా ఉన్నవారికి పండ్లు, పప్పులు, గింజలు ఎంత తినవచ్చునన్నది వేరుగా నిర్ణయింపవలసిన విషయం.

4. మధుమేహం ఉన్నవారు పండ్ల రసానికి బదులు పండునే తినవలెను. ఖర్జూరాలను కూడా లెక్కించి తినవలెను.

5. భోజనం మారినదని మందులు మానరాదు. ఈ వ్యాసంలో పేర్కొనిన మేలు అంతా మందులతో పాటు వచ్చినదే.

ఉపసంహారం

గుండె జబ్బు ఒక్కరికి వచ్చినా ఆహారం మారవలసినది ఇల్లంతటికీ. తండ్రికి వేరుగా చప్పిడి కూర, మిగిలినవారికి వేరుగా వేపుడు వండే ఇంట ఆ పథ్యం ఎక్కువ కాలం నిలువదు. వండే తల్లికి శ్రమ రెట్టింపవుతుంది. పైగా ఆ తండ్రి సంతానానికి కూడా అదే వ్యాధి వచ్చే అవకాశం ఇతరుల కన్న ఎక్కువ. కావున రోగికి హితమైన భోజనమే అందరికీ భోజనం కావలెను. అప్పుడు పథ్యం శిక్షగా తోచదు.

విద్యార్థి సోదర సోదరీమణులకు మా మనవి ఒక్కటే. ఇంట ఎవరికైనా ఈ వ్యాధి వచ్చినప్పుడు ఆసుపత్రి కాగితాన్ని పూర్తిగా చదివి, పెద్దలకు వారి భాషలో చెప్పండి. ఏమి వద్దో చెప్పిన తరువాత ఏమి తినవచ్చునో తప్పక చెప్పండి. వారానికి ఒకసారి అంగడికి వెళ్ళే పని మీరు తీసుకొని సంచిలో ఆకుకూరలు, పప్పులు, పండ్లు ముందుగా నింపండి. కళాశాల నిర్వాహక సంఘం వారికి కూడా ఒక విన్నపం. కళాశాల ఉపాహారశాలలో బజ్జీల ప్రక్కన ఉడికించిన శనగలు, వేరుశనగలు, జామ, అరటి పండ్లు తక్కువ ధరకు దొరికే ఏర్పాటు చేసిన మేలు. ఏటికొకసారి ప్రభుత్వ వైద్యుని ఒకరిని పిలిపించి విద్యార్థుల తల్లిదండ్రులకు ఉర్దూ, తెలుగు రెండు భాషలలోను ఈ విషయాలు చెప్పించిన మరింత మేలు.

జైతూన్ తోట మన ఊళ్ళో లేకపోవచ్చును. వేరుశనగ చేను ఉన్నది, నువ్వుల చేను ఉన్నది, పెరట్లో గోంగూర ఉన్నది. క్రీటు రైతు తన నేలలో పండినదే తిన్నాడు. మనం అతని నుండి ముఖ్యంగా నేర్చుకొనవలసిన పాఠం ఇదేనని మా అభిప్రాయం.